ఐదు గంటల అద్దె

అమెరికాకు చదువుకు వెళ్లే తెలుగు విద్యార్థి ఇల్లు వెతుక్కొనే పద్ధతి ఇప్పటికి దాదాపు స్థిరపడిపోయింది. విమానం ఎక్కకముందే ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో చేరి, తన ఊరివాళ్లనో తన కాలేజీవాళ్లనో నలుగురిని పోగుచేసుకొని, రెండు పడకగదుల అపార్ట్‌మెంటు ఒకటి మాట్లాడుకొని, హాల్లో కూడా ఒక పరుపు వేసి, అద్దె తలా ఇంత అని పంచుకుంటారు. వంటకు వంతులు వేసుకుంటారు. ఆ వంతులు మొదటి పరీక్షల దాకా నిలుస్తాయి. నేను ఎం.ఎస్. కోసం కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు అదే ప్రయత్నంలో ఉన్నాను గానీ, ఆ చుట్టుపక్కల అద్దెలు చూసి బెంబేలెత్తి, తిండితో సహా తక్కువలో పోతుందన్న ఒకే ఒక్క కారణంతో అక్కడి విద్యార్థుల సహకార సంఘానికి దరఖాస్తు పెట్టాను. ఇందులో ఆదర్శం ఏమీ లేదని ముందే చెప్పడం మంచిది.

ఆ ఇంట్లో యాభై మందికి పైగా ఉండేవాళ్లం. ఏ ఇద్దరిదీ ఒక ఊరు కాదు, చాలామందిది ఒక దేశం కూడా కాదు. అంతమంది ఒకే వంటగదిని వాడుకుంటూ కొట్టుకోకుండా ఎలా ఉన్నారని ఇప్పటికీ బంధువులు అడుగుతుంటారు. కొట్టుకున్న సందర్భాలు లేకపోలేదు. అయినా ఇల్లు నడిచింది. నడవడానికి కారణం మా మంచితనం కాదు, గోడ మీద అతికించిన లెక్క. మన వైపు ఇంటిపనికి లెక్క రాయడమంటే పరాయితనం కింద జమకడతారు. ఆ ఇంట్లో ఉన్న కాలంలో నాకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అభిప్రాయం ఏర్పడింది, ఈ వ్యాసం దాని గురించే.

బర్కిలీ స్టూడెంట్ కోఆపరేటివ్ అనే ఆ సంఘం 1933లో, మహామాంద్యం రోజుల్లో పుట్టింది. డబ్బుకు కటకటలాడుతున్న 14 మంది విద్యార్థులు, విశ్వవిద్యాలయం పక్కనే స్టైల్స్ హాల్ అనే వై.ఎం.సి.ఏ. కేంద్రాన్ని నడుపుతున్న హ్యారీ కింగ్‌మన్ ప్రోత్సాహంతో ఒక ఇల్లు తీసుకొని, వంట, శుభ్రత తామే చూసుకుంటూ ఖర్చు తగ్గించుకున్నారు. కింగ్‌మన్ చైనాలో పుట్టిన అమెరికన్. 1914లో న్యూయార్క్ యాంకీస్ జట్టు తరఫున కొద్ది ఆటలు ఆడిన బేస్‌బాల్ ఆటగాడు కూడా. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను మూలాలున్న అమెరికన్లను శిబిరాల్లో నిర్బంధించినప్పుడు ఆయనా, ఆయన భార్య రూత్ వాళ్ల హక్కుల కోసం నిలబడ్డారు. సంఘానికి ఇప్పుడు 17 ఇళ్లు, 3 అపార్ట్‌మెంటు సముదాయాలు, సుమారు 1,300 మంది సభ్యులు ఉన్నారు. అది విశ్వవిద్యాలయం నడిపే హాస్టల్ కాదు. విద్యార్థులే సభ్యులుగా, విద్యార్థులే ఎన్నుకొన్న బోర్డు కింద నడిచే లాభాపేక్ష లేని సంస్థ. జీతానికి పనిచేసే ఉద్యోగులు కొందరు ఉన్నారు గానీ, వాళ్లు కూడా ఆ బోర్డుకే జవాబు చెప్పుకోవాలి.

ఆ అపార్ట్‌మెంటు సముదాయాల్లో ఒకదాని పేరు రాచ్‌డేల్. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ అనే మిల్లుల ఊరిలో నేతపనివాళ్లూ మరికొందరూ కలిసి 28 మంది, పిండి, వెన్న, చక్కెర అమ్మే చిన్న అంగడి తెరిచి, దానికి పెట్టుకున్న నియమాలే ప్రపంచంలో సహకార సంఘాలన్నింటికీ పునాది అయ్యాయి. చీరాలలోనో పోచంపల్లిలోనో చేనేత సహకార సంఘం బోర్డు చూసి పెరిగినవాళ్లకు ఈ చుట్టరికం సులభంగానే అర్థమవుతుంది. నియమాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక మనిషికి ఒకే ఓటు. ఇంటి మరమ్మతుల నిధిలో ఏం చేయాలి, వచ్చే సెమిస్టరుకు మాంసం ఎంత కొనాలి, ఎవరు మేనేజరు కావాలి అన్న ప్రతి విషయంలోనూ నిన్న వచ్చినవాడి ఓటు, నాలుగేళ్లుగా ఉన్నవాడి ఓటు సమానం. సీనియారిటీ చెల్లేది ఒక్క గదుల ఎంపికలోనే. ఉన్న సెమిస్టర్లను బట్టి పాయింట్లు వస్తాయి, పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్లకు ఒంటరి గది దక్కుతుంది, కొత్తవాళ్లు ఇద్దరో ముగ్గురో ఒక గదిలో సర్దుకోవాలి.

ఇక పని సంగతి. ఇంట్లో ఉండే ప్రతివారూ వారానికి ఐదు గంటలు ఇంటిపని చేయాలి. అద్దె ఎంత తప్పనిసరో ఇదీ అంతే తప్పనిసరి. నిజానికి అద్దె తక్కువగా ఉండడానికి కారణం ఇదే, ఎందుకంటే వంటవాడికి, పాకీపనికి, కాపలాకు ఇవ్వవలసిన జీతాలు అక్కడ లేవు. వంటగది గుమ్మం పక్కన ఒక పెద్ద పట్టిక అతికించి ఉండేది. పైన వారాలు, పక్కన పనులు, ప్రతి పనికీ ఎన్ని గంటలో అంకె. రాత్రి భోజనానికి ముఖ్య వంట మూడు గంటలు, సాయం వంట రెండు గంటలు, వంట అయ్యాక పెద్ద గిన్నెలు రెండు గంటలు, రెండో అంతస్తు స్నానాలగది గంటన్నర, కంపోస్టు డబ్బాలు కడగడం అరగంట. కంపోస్టు డబ్బాలకు గంట ఇస్తే తప్ప ఎవరూ ముట్టుకోరని తేలాక, ఆ అరగంటను గంట చేశారు. ఒక పని ఎంత అసహ్యమైనదో అంత ఎక్కువ గంటలు పలకడం చూసి నాకు ముచ్చట వేసింది. మన దగ్గర అసహ్యమైన పనికి విలువ పెరగదు సరికదా, దాన్ని ఎవరి మీద తోయాలో కులం ముందే నిర్ణయించి పెట్టింది. అక్కడ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రవాడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని మరుగుదొడ్డి కడిగి, పట్టికలో సంతకం చేసి, ల్యాబుకు వెళ్లిపోయేవాడు. ఆ సంతకం పక్కన, పని చూసి సరే అన్న మరొకరి సంతకం ఉండాలి. అది లేకపోతే గంటలు పడవు.

పట్టిక ఫొటో తీసి అమ్మకు పంపితే వెంటనే ఫోను చేసింది. "మగపిల్లలు కూడా తోముతారుటే?" అన్నది మొదటి ప్రశ్న. తోముతారు, తోమకపోతే జరిమానా అని చెప్పాను. కాసేపు ఆగి, "మనింట్లో ఇట్లాంటి కాయితం అతికిస్తే మీ నాన్నగారి పేరు ఏ గడిలో వస్తుందే?" అని నవ్వింది. నాన్న వెనకనుంచి ఏదో అన్నారు, వినపడలేదు. నవ్వులాటకే అన్నా ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. తెనాలిలో మా ఇంట్లో తెల్లవారుజామున పాలు కాచడం దగ్గర నుంచి రాత్రి తలుపు గడియ వేయడం దాకా ఎవరు ఏం చేస్తారో అందరికీ తెలుసు, కానీ అది ఎన్ని గంటలో ఎవరికీ తెలియదు, అమ్మకు కూడా తెలియదు. పండక్కి పిన్ని వాళ్లు వస్తే వంటింట్లోకి ఎవరు లేచి వెళ్తారో, హాల్లో ఎవరు కూర్చుంటారో చెప్పే పట్టిక ఒకటి ఉంది. అది గోడ మీద లేదు కాబట్టి దాన్ని మార్చమని తీర్మానం పెట్టడం కుదరదు.

నేను ఎక్కువగా తీసుకున్నది ముఖ్య వంట. మూడు గంటల్లో యాభై మందికి అన్నం పెట్టడం ఎలా అన్నది మన పెళ్లి వంటవాళ్లకు పెద్ద విషయం కాదు, కానీ ఇంట్లో నలుగురికి వండిన చెయ్యికి అది పూర్తిగా వేరే విద్య. మూడున్నర కిలోల కందిపప్పు, అయిదు కిలోల బియ్యం. అన్నం ఓవెన్‌లో పెద్ద ట్రేలలో వండుతారు, వార్చడం అన్న ప్రశ్నే లేదు. పప్పుకు కుక్కరు ఉండదు కాబట్టి మధ్యాహ్నమే నానబెట్టాలి. తాలింపు దగ్గర అసలు పరీక్ష ఉంటుంది: నలుగురి పప్పుకు వేసే ఎండుమిరపకాయలను పన్నెండింతలు చేసి వేడి నూనెలో వేస్తే, ఆ ఘాటు వంటగది దాటి, మెట్లెక్కి, మూడో అంతస్తులో చదువుకుంటున్నవాళ్లను కిందకు దించుతుంది. అందుకని తాలింపు వేసే రోజు కిటికీలన్నీ తీసి, పైన ఎగ్జాస్టు ఫ్యాను గరిష్ఠంగా తిప్పి, "పది నిమిషాలు ఓర్చుకోండి" అని బోర్డు మీద రాసేదాన్ని. నూనెలో ఆవాలు చిటపటమనగానే సాయం వంటకు వచ్చిన కుర్రవాడు మూత పట్టుకొని డాలులా నిలబడేవాడు. వండింది బల్ల మీద పెట్టేటప్పుడు ప్రతి పాత్ర ముందూ చీటీ ఉండాలి. పాలు లేవు, గోధుమ లేదు, వేరుసెనగ లేదు. అందుకే నెయ్యి విడిగా గిన్నెలో పెట్టేదాన్ని. ఇంగువ విషయంలో మాత్రం మన వంట తెలిసినవాళ్లు కూడా ఊహించని చిక్కు ఉంది. బజారులో దొరికే డబ్బా ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి కలుస్తుంది. గోధుమ పడని జబ్బు ఉన్న అమ్మాయి మా ఇంట్లో ఉండేది కాబట్టి, డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి, బియ్యప్పిండితో చేసిన రకం కోసం యూనివర్సిటీ అవెన్యూలోని ఇండియన్ దుకాణాలన్నీ తిరిగాను. పుట్టినప్పటి నుంచి తింటున్న ఇంగువలో ఏముందో చదవడం అదే మొదలు.

సరుకులు టోకున వస్తాయి. పిండి, బియ్యం బస్తాల్లో, నూనె డబ్బాల్లో, కూరగాయలు పెట్టెల్లో. వంటగది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, ఎవరికి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు వెళ్లి వండుకోవచ్చు. సొంతంగా కొనుక్కున్నదాని మీద పేరు, తేదీ రాయాలి. పేరు లేనిది, తేదీ దాటింది అందరిదీ. దాన్ని అక్కడ గఫ్ అంటారు. ఈ ఒక్క నియమం మీద జరిగినన్ని పంచాయితీలు మరి దేని మీదా జరగలేదు. పేరు రాసి ఉన్న పెరుగు రాత్రికి రాత్రి మాయమయ్యేది, అడిగితే ఎవరికీ తెలియదు. నా గోంగూర పచ్చడి సీసా జోలికి మొదట్లో ఎవరూ వచ్చేవారు కాదు. రంగు చూసి భయపడ్డారనుకుంటాను. తరవాత్తరవాత అది కూడా తరగడం మొదలుపెట్టింది, అప్పటినుంచి నేను కూడా పెరుగు బాధితుల పక్షంలో మాట్లాడాను.

అసలు తగవు గంటల బాకీల దగ్గర వచ్చేది. ఎవరైనా ఒక వారం పని ఎగ్గొడితే ఆ గంటలు బాకీగా నిలుస్తాయి. తరవాతి వారాల్లో తీర్చాలి, లేదా గంటకు ఇంత అని జరిమానా కట్టాలి. మా ఇంట్లో ఒకరు సెమిస్టరు మొదట్లోనే లెక్క వేసుకొని, తన ఐదు గంటలకు బయట సంపాదించేది ఈ జరిమానా కన్నా ఎక్కువని తేల్చుకొని, పని మానేసి ఠంచనుగా జరిమానా కట్టడం మొదలుపెట్టారు. నియమం ప్రకారం తప్పు లేదు. పైగా ఆ డబ్బుతో మంచి కత్తులు కొన్నాం. అయినా ఇంట్లో అసహనం పెరిగింది. ఆ సమావేశం రాత్రి భోజనాల తరవాత మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. డబ్బున్నవాళ్లు డబ్బిచ్చి, లేనివాళ్లు గిన్నెలు తోమితే ఇది మామూలు హాస్టలే కదా అని కొందరు, పనికి ధర కట్టింది మనమే కదా, ఆ ధర చెల్లించేవాళ్లను దొంగలుగా చూడడం ఏం న్యాయం అని కొందరు. ఒక అమ్మాయి, తాను రెండు ఉద్యోగాలు చేస్తూ కూడా ఐదు గంటలు చేస్తున్నానని, జరిమానా కట్టడం తనకు కుదరని విలాసమని, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదని చెప్పి కూర్చుంది. చివరికి జరిమానా పెంచారు, వరసగా కొన్ని వారాలు ఎగ్గొట్టేవారి విషయం ఇంటి ముందుకు రావాలని నియమం పెట్టారు. నా ఓటు పెంచడానికే వేశాను. ఇప్పుడైతే జరిమానానే ఎత్తేసి, బాకీ పడినవాళ్లు ఎప్పటికైనా పని చేసే తీర్చాలని అంటాను, ఎందుకంటే ఆ ఇంట్లో ఒకరి పట్ల ఒకరికి ఉన్న మర్యాదలో సగం, ఆ మనిషి కూడా అదే తొట్టి దగ్గర నిలబడ్డాడన్న ఎరుక నుంచి వచ్చింది.

లెక్కలో పడనివి కూడా ఉన్నాయి. పాలు అయిపోతున్నాయని గుర్తుపెట్టుకోవడం, కొత్తగా వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగుతున్న అబ్బాయిని భోజనానికి పిలవడం, జ్వరం వచ్చినవాళ్లకు చారు కాచి గదికి తీసుకెళ్లడం. ఇవి ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే చేస్తున్నారని, వాటికి కూడా గంటలు ఇవ్వాలని ఒకసారి ప్రతిపాదన వచ్చింది. ఆ జాబితాలో నా పేరూ ఉంది, కారణం మిరియాల చారు. నేను ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటు వేశాను. లెక్క మీద నాకు అంత గురి ఉండి అలా ఎందుకు చేశావని మా గదిలో ఉండే అమ్మాయి నిలదీసింది. నా సమాధానం ఇది: గిన్నెలకు లెక్క ఉంది కాబట్టే చారు కాయడానికి నాకు ఓపిక మిగిలింది. తొట్టి నిండా ఎవరివో గిన్నెలు తోమి, ఆ పైన చారు కూడా కాయవలసి వస్తే అది చారు కాదు, సణుగుడు. ఆమె ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఆడపిల్లలే ఆ పని చేయడం యాదృచ్ఛికమా అని అడిగింది. ఆ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు, ప్రతిపాదన కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది.

సమావేశాల గురించి గొప్పగా చెప్పేవాళ్లను నమ్మకండి. అవి విసుగు పుట్టిస్తాయి. పిల్లిని పెంచాలా వద్దా అన్నదానికి ఒక సాయంత్రం మొత్తం పోయింది. ఎలర్జీ ఉన్నవాళ్ల సంగతేమిటి, వేసవిలో అందరూ వెళ్లిపోతే దానికి అన్నం ఎవరు పెడతారు, పిల్లి మలం ఎత్తడానికి ఎన్ని గంటలు ఇవ్వాలి. కానీ ఆ విసుగులోనే నేర్చుకున్నది ఒకటుంది. మన సభల్లో మాట్లాడేవాడు మాట్లాడుతూనే ఉంటాడు, అభ్యంతరం ఉన్నవాళ్లు బయటికి వచ్చాక టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు. అక్కడ మాట్లాడదలచినవాళ్ల వరస ఒకరు కాగితం మీద రాసేవారు, ఒకసారి మాట్లాడినవాళ్లు మళ్లీ మాట్లాడాలంటే మొదటిసారి మాట్లాడేవాళ్లు అయ్యేదాకా ఆగాలి. నోరు తక్కువ ఉన్నవాళ్లకు ఆ చిన్న ఏర్పాటు ఎంత పెద్ద అండో, తరగతిలో చెయ్యెత్తడానికి జంకుతూ పెరిగిన నాకు బాగా తెలుసు.

ఇలాంటి ఇళ్లకు మతిమరుపు జాస్తి. ఏటా చాలామంది వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు, తేల్చేసిన తగవులు మళ్లీ మొదలవుతాయి. పైగా ఇళ్లన్నీ ఒకే సంఘానివి కాబట్టి ఒక ఇంట్లో తేడా వస్తే బీమా ఖర్చు, కోర్టు ఖర్చు అన్ని ఇళ్ల మీదా పడతాయి. డ్వైట్ వే వీధిలో సుమారు 200 మంది ఉండే బారింగ్టన్ హాల్ అనే ఇల్లు సంఘం మొత్తంలో పేరుమోసినది, గోడల నిండా చిత్రాలు, ఎప్పుడూ పార్టీలు. ఇరుగుపొరుగు ఫిర్యాదులు, మత్తుమందుల గొడవలు ముదిరాక, 1989లో సంఘం సభ్యులంతా ఓటు వేసి దాన్ని మూసేయాలని నిర్ణయించారు, 1990లో అది ఖాళీ అయింది. క్లోయిన్ కోర్ట్ కథ మరోరకం. బర్కిలీ గడియార స్తంభాన్ని రూపొందించిన జాన్ గేలెన్ హోవర్డే రూపకల్పన చేయగా దాన్ని 1904లో హోటలుగా కట్టారు, 1946లో సంఘం కొన్నది, 2014లో మద్యం, మత్తు లేని ఇల్లుగా మార్చి, అప్పటిదాకా ఉన్నవాళ్లను ఆ ఇంటికి తిరిగి రానివ్వలేదు. ఈ రెండు నిర్ణయాల మీద పాతవాళ్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. నాకు తోచేది, యజమాని లేని ఇంట్లో యజమాని చేయవలసిన చేదు పనులు కూడా మనమే చేయాలి, చేసినందుకు తిట్లూ మనమే తినాలి.

బర్కిలీలో కలిసి వండుకుతిన్న ఇళ్ల చరిత్ర 1933తో మొదలు కాలేదని తరవాత చదివి తెలుసుకున్నాను, అందులో మనవాళ్లూ ఉన్నారు. 1912లో స్టాక్‌టన్ దగ్గర బంగాళాదుంపలు పండించే జ్వాలా సింగ్ అనే పంజాబీ రైతు గురు గోవింద్ సింగ్ పేరిట విద్యార్థివేతనాలు పెట్టి భారతదేశం నుంచి విద్యార్థులను రప్పించాడు. మతం, కులం, ప్రాంతం వేరయిన ఆ విద్యార్థులు అలస్టన్ వే వీధిలో అద్దెకు తీసుకున్న ఇంట్లో కలిసి ఉన్నారు. అదే కాలంలో బర్కిలీలో చదివిన తెలుగువాడు దరిశి చెంచయ్య, భారత స్వాతంత్ర్యం కోసం అమెరికాలోని భారతీయులు పెట్టిన గదర్ పార్టీ తొలి సభ్యుల్లో ఒకరు. స్వదేశంలో ఒక పంక్తిలో కూర్చోని మనుషులు పరాయి ఊళ్లో ఒక పొయ్యి దగ్గర చేరారు. అంట్లు ఎవరు తోమేవారో మాత్రం చరిత్రకారులు ఎవరూ రాయలేదు, అది రాసి ఉంటే నేను మొదట ఆ పేజీయే తిప్పి ఉండేదాన్ని.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక, కొండాపూర్, గచ్చిబౌలి వైపు వెలసిన కో లివింగ్ భవనాలను చూపించి, నువ్వు చెప్పేది ఇదే కదా అని స్నేహితులు అన్నారు. కాదు. అక్కడ వైఫై ఉంది, శుభ్రం చేసే మనుషులు ఉన్నారు, వారాంతం ఆటలు ఉన్నాయి. ఓటు లేదు, పని లేదు. అద్దె పెంచుతున్నామని ఒక మెసేజి వస్తుంది, ఇష్టం లేకపోతే ఖాళీ చేయడమే. మనకు హౌస్ బిల్డింగ్ సొసైటీలు కొత్త కావు, జూబిలీహిల్స్ అలా ఏర్పడిన కాలనీయే, కానీ అవి కలిసి స్థలం కొని విడివిడిగా గోడలు కట్టుకోవడానికి పుట్టినవి. చట్టం అడ్డమని కూడా అనలేం. ప్రభుత్వ వాటాధనం తీసుకోకుండా, సభ్యులే తమ నియమాలు రాసుకొని నడుపుకొనే సహకార సంఘాలకు దారి తీసిన 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం దేశంలో అలాంటివాటిలో మొదటిది, అది తెచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మహిళల పొదుపు సంఘాలు దాన్ని ఎంత బాగా వాడుకున్నాయో పల్లెల్లో చూడవచ్చు. ఇళ్ల విషయంలో అడ్డు వేరే ఉంది. పెళ్లికానివాళ్లకు ఇల్లు ఇవ్వరు, ఇచ్చినా మాంసం వండకూడదంటారు, ఇంటిపేరు అడిగి కులం కనుక్కుంటారు, ఆడా మగా ఒకే కప్పు కింద ఉంటే పోలీసుల దాకా పోతారు. వీటన్నిటినీ దాటుకొని ఇల్లు సంపాదించిన కుర్రాళ్లు మొదట చేసే పని, నెలకింత అని ఒక వంటమనిషిని పెట్టుకోవడం. ఆమె సెలవు పెట్టిన రోజు స్విగ్గీ. పట్టిక అతికించాల్సిన అవసరం రాకుండా ఆమె చూసుకుంటుంది. ఆమెకు ఎన్ని ఇళ్లో, ఎన్ని గంటలో తెలిసినవాళ్లను నేను ఆ ఫ్లాట్లలో ఇంతవరకూ చూడలేదు.

బర్కిలీ వెళ్తున్న పిల్లలు కొందరు, ఆ ఇళ్లలో చేరమంటారా అని అడుగుతుంటారు. నిశ్శబ్దం లేనిదే చదవలేనివాళ్లు, వంటింట్లో మరొకరు బీఫ్ వండితే ఆ పూట తినలేనివాళ్లు చేరకపోవడమే ఇద్దరికీ సుఖం. శాకాహారులకు మాత్రం అక్కడ లాత్‌లోరియన్ అనే ప్రత్యేకమైన ఇల్లు ఉంది, వయసులో కాస్త పెద్దవాళ్లకూ, పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్లకూ విడి ఇళ్లున్నాయి. వంట రాకపోవడం అడ్డం కాదు, సాయం వంటతో మొదలుపెడితే ఒక సెమిస్టరులో వస్తుంది. దరఖాస్తు ఆలస్యం చేయవద్దు, ఎదురుచూసేవాళ్ల వరస పొడవుగా ఉండవచ్చు. ఇల్లు ఎంచుకొనే ముందు వీలైతే తెలిసినవాళ్లెవరి ద్వారానైనా ఒక రాత్రి భోజనానికి వెళ్లండి. భోజనం ఎలా ఉందన్నది పట్టించుకోనక్కరలేదు, అది ఆ రోజు వండినవారిని బట్టి ఉంటుంది. తిన్నాక వెంటనే లేచి రాకుండా పది గంటల దాకా ఉండి, పెద్ద గిన్నెల వంతు ఉన్నవాళ్లు వచ్చారో లేదో, వచ్చినవాళ్ల పక్కన మాట్లాడుతూ ఎవరైనా నిలబడ్డారో లేదో చూసి, అప్పుడు దరఖాస్తులో ఆ ఇంటి పేరు రాయండి.